వెనక్కి పిలిచిన బొమ్మలు

2007 ఆగస్టు 2న మాటెల్ సంస్థకు చెందిన ఫిషర్-ప్రైస్ అమెరికాలో తాను అమ్మిన దాదాపు 9,67,000 బొమ్మలను వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించింది. చైనాలోని ఫోషాన్ నగరంలో తయారైన ఆ బొమ్మల రంగులో సీసం ఉన్నట్లు తేలింది. పసిపిల్లలు ప్రతి బొమ్మనూ నోట పెట్టుకుంటారు. అలా శరీరంలో చేరిన సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. పిల్లల విషయంలో ఇంత మోతాదు వరకు సురక్షితమని చెప్పదగిన హద్దు లేదు.

కొద్ది రోజులకే ఆ కర్మాగారం యజమాని ప్రాణం తీసుకున్నాడు. ఆగస్టు 14న మాటెల్ మరో ప్రకటన చేసింది. ఈసారి వెనక్కి పిలిచినవి ప్రపంచవ్యాప్తంగా 1.8 కోట్లకు పైగా బొమ్మలు. వాటిలోని చిన్న అయస్కాంతాలు ఊడి వచ్చేవి. రెండు అయస్కాంతాలను మింగితే అవి పేగుల మధ్య ఒకదానినొకటి ఆకర్షించుకొని, పేగు గోడకు రంధ్రం చేయగలవు.

లోకం చైనాను నిందించింది. అయితే అయస్కాంతాల విషయంలో లోపం కర్మాగారానిది కాదు, మాటెల్ రూపకల్పనదే. సెప్టెంబరులో ఆ సంస్థ ఉన్నతాధికారి బీజింగ్ వెళ్ళి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. సీసం రంగుల ఉదంతంలో 2009లో సంస్థ 23 లక్షల డాలర్ల జరిమానా చెల్లించింది. 2008 నాటి అమెరికా చట్టం రంగులో సీసం పరిమితిని పది లక్షల భాగాలకు 600 నుంచి 90కి తగ్గించింది.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేముందు ఆ గుర్తును చూడండి. బొమ్మను వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. పసిమెదడుకు జరిగిన నష్టాన్ని ఏ సంస్థా వెనక్కి తీసుకోలేదు.