వచ్చి ఉండిపోయినవాళ్ళ వంట

సౌదీ అరేబియా రుచులు చూపిస్తూ జెద్దా పాతబస్తీ అంతా తిప్పుతామని ఇప్పుడు లైసెన్సున్న గైడ్లు పర్యాటకులను పిలుస్తున్నారు. పొద్దు గుంకి, ఎర్ర సముద్రం మీంచి గాలి మళ్ళాక బాబ్ మక్కా దగ్గర మొదలయ్యే నడక అది. అల్-అలవీ బజారు మీదుగా, సందులు దాటుకుంటూ, నసీఫ్ వారి పాత మేడ దాకా సాగుతుంది. మధ్యమధ్య ఆగి తినడమే అసలు పని. ఖర్జూరాన్నీ గహ్వా అనే అరబ్బు కాఫీనీ పక్కన పెడితే, ఆ దారిలో తినిపించే వాటిలో అరేబియా ఎడారిలో పుట్టింది దాదాపు ఏదీ ఉండదు. ఫూల్ అనే చిక్కుడు గింజల ముద్ద ఈజిప్టు నుంచి వచ్చింది. దాన్ని అద్దుకుని తినే తమీస్ రొట్టె అఫ్ఘాన్ల తందూరులోది. ఆవిరిమీద ఉడికే మంతు మధ్య ఆసియాది, క్యారెట్టూ కిస్మిస్సూ వేసిన బుఖారీ అన్నమూ అక్కడిదే. పల్చటి పిండి పొరలో ఖీమా, గుడ్డు మడిచి పెనం మీద కాల్చే ముతబ్బఖ్‌కు యెమెన్ నుంచి జావా దాకా ప్రతి రేవులోనూ చుట్టాలున్నారు. మన హైవేల పొడుగునా ఇప్పుడు వెలసిన హోటళ్ళలో మీరంతా పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటున్న మందీ సౌదీ వంటకమని చాలామంది అనుకుంటారు కానీ, అది యెమెన్‌లోని హద్రమౌత్ లోయల సొత్తు.

ఇలాంటి నడక-భోజన యాత్రలకు పేరుమోసినది ఇటలీ తీరం. అక్కడ చింక్వె తెర్రె ఊళ్ళ మధ్య కొండదారిన నడిపించే గైడు పక్కనున్న మెట్టపొలాల్లో ద్రాక్షను చూపిస్తాడు, కింద సముద్రంలో పట్టిన చిన్న చేపలను చూపిస్తాడు, ఆ రెండింటినీ రాత్రికి పళ్ళెంలో పెడతాడు. అమాల్ఫీలో నిమ్మతోటలు ఆ పని చేస్తాయి. ఇటలీ వంటకు ప్రాణమైన టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చిందే కదా, అక్కడ మాత్రం అన్నీ స్థానికమా అని అడగవచ్చు. నిజమే. కానీ టమాటా విత్తనంగా వచ్చి ఆ మట్టిలో వేరు పట్టింది, దాన్ని తెచ్చిన నావికుడు అక్కడ స్థిరపడనక్కర లేకపోయింది. జెద్దా సంగతి వేరు. ఇక్కడ విత్తనం పడితే మొలిచే నేల లేదు, తాగడానికి నీళ్ళే లేవు. అందుచేత వంట రావాలంటే వండే మనిషి రావాలి, వచ్చినవాడు ఉండిపోవాలి. జెద్దా వంటకాల వరుస నా దృష్టిలో ఒక చరిత్ర పుస్తకం. ఈ తీరం ఎవరెవరిని ఉండనిచ్చిందో అందులో రాసి ఉంది. సౌదీ అనగానే ఎడారి, ఒంటెలు, చమురు అని మనం చదువుకున్న చరిత్రకు ఇది పెద్ద సవరణ.

సామాన్య శకం 647లో మూడో ఖలీఫా ఉస్మాన్ మక్కాకు రేవుగా జెద్దాను ఎంచుకున్నాడు. ఆనాటి నుంచి ఈ ఊరికి ఉన్న పని ఒక్కటే, ఓడల్లో వచ్చేవాళ్ళను దించుకుని మక్కా దారి పట్టించడం. వాననీళ్ళను తొట్లలో దాచుకున్నారు, దూరపు బావుల నుంచి మోయించుకున్నారు, ఒట్టోమన్ల చివరి రోజుల్లో సముద్రపు నీటిని కాచి ఆవిరిపట్టే యంత్రం పెట్టుకున్నారు. జెద్దా, మక్కా ఉన్న, వరి పండని ఈ హిజాజ్ ప్రాంతంలో రోజూ ఉడికే బియ్యం మన దేశం నుంచి ఓడలెక్కి వచ్చేది. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ బట్టలూ హజ్ యాత్రికులూ కలిసి ఎర్ర సముద్రానికి ప్రయాణమయ్యేవారు. గోల్కొండ వజ్రాల గురించి చెప్పుకున్నంతగా ఈ ఓడల గురించి మనం చెప్పుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. 16వ శతాబ్దం మొదట్లో పోర్చుగీసు వాళ్ళ భయానికి ఈజిప్టు మమ్లూకుల తరఫున హుసేన్ అల్-కుర్దీ ఊరి చుట్టూ గోడ కట్టించాడు, 1517లో వాళ్ళు నిజంగానే వచ్చి ఊరు పట్టలేక వెనుదిరిగారు. ఆ గోడను 1947లో కూల్చేశారు. మిగిలింది ద్వారాల పేర్లూ, లోపలి ఇళ్ళూ.

ఆ ఇళ్ళను చూసినా ఇదే కథ. గోడలు సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయి. మేడల ముందుకు పొడుచుకొచ్చి, గాలినీ నీడనూ లోపలికి పంపుతూ, లోపలివాళ్ళు కనబడకుండా వీధంతా చూసుకునేలా చేసే రోషన్లనే చెక్క గవాక్షాలు మన దేశం నుంచీ ఆగ్నేయాసియా నుంచీ వచ్చిన టేకు. 1881లో పూర్తయిన నసీఫ్ మేడ ముందు నిలబడి ఉన్నది వేపచెట్టు. 1920ల దాకా ఊరు మొత్తానికి అదొక్కటే చెట్టని చెబుతారు, చెట్టున్న ఇల్లు అంటే ఆ ఇల్లే. ఇన్ని వేల మైళ్ళ దూరంలో, ఉగాది పచ్చడికి పువ్వు కోసుకునే చెట్టు ఊరికి ఆనవాలుగా నిలబడి ఉండటం తెలుగువాడి మనసును పట్టి లాగుతుంది. అరఫాత్ మైదానంలో హాజీల నీడ కోసం 1980లలో వేలాదిగా నాటినవి కూడా వేపలే. 1925 డిసెంబరులో జెద్దా లొంగిపోయినప్పుడు, మధ్య అరేబియాలోని నజ్ద్ నుంచి వచ్చి హిజాజ్‌ను గెలుచుకున్న అబ్దుల్ అజీజ్ రాజు బస చేసింది కూడా ఈ వేపచెట్టు ఇంట్లోనే.

మరి వచ్చినవాళ్ళు ఎలా ఉండిపోయారు? జవాబు వాళ్ళను నడిపించినవాళ్ళ దగ్గర మొదలవుతుంది. గైడు వెంట నడవడం ఈ దేశానికి కొత్తేమీ కాదు. పర్యాటక వీసాలు 2019 సెప్టెంబరులో మొదలయ్యాయి గానీ, మనుషులను చేయిపట్టి నడిపించడం ఇక్కడ వంశపారంపర్యంగా వచ్చిన వృత్తి. జెద్దా రేవులో యాత్రికుడిని దించుకునేవాడు వకీల్. మక్కాలో అతనికి తోడుండి క్రియలన్నీ చేయించేవాడు ముతవ్విఫ్. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క దేశపు యాత్రికులు. జావావాళ్ళను చూసుకునే ముతవ్విఫ్ మలయ్ భాష మాట్లాడాలి, హిందుస్థాన్ వాళ్ళను చూసుకునేవాడికి ఉర్దూ రావాలి. వసతి, వంట, ఒంటె, అవసరమైతే అప్పు, అన్నీ అతని చేతి మీదుగానే. 1886లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మన హాజీల ప్రయాణ ఏర్పాట్లను లండన్ థామస్ కుక్ కంపెనీకి అప్పగిస్తే, 1893 నాటికే అది ఆ పని వదులుకుంది. ఈ వ్యవహారం టికెట్లు అమ్మినంత సులువైనది కాదు. ఎందుకంటే వచ్చినవాళ్ళందరూ తిరిగి వెళ్ళేవాళ్ళు కాదు. కొందరికి తిరుగు ఛార్జీ ఉండేది కాదు. కొందరు చదువు కోసం, కొందరు పుణ్యభూమిలో ప్రాణం విడవాలని ఆగేవారు. కొందరికి వెనుక ఊరే లేకుండా పోయేది. బోల్షివిక్ విప్లవం తర్వాత బుఖారా, తాష్కెంట్ వైపు నుంచి, 1949 తర్వాత చైనా తుర్కిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు అలాంటివాళ్ళు. వాళ్ళే తందూరు పెట్టారు, మంతు అమ్మారు, బుఖారీ అన్నం వండారు. ఇవాళ హిజాజ్‌లో ఇంటిపేర్లు చూడండి. బుఖారీ, తుర్కిస్తానీ, హిందీ, సిందీ, దెహ్లవీ, జావీ, ఫతానీ, పలెంబాంగ్ నుంచి వచ్చిన ఫలింబాన్. బాఅషన్, బానాజా లాగా బా తో మొదలైతే హద్రమౌత్ వాళ్ళు. వీళ్ళంతా ఇవాళ సౌదీ పౌరులు. మన హైదరాబాద్ సంస్థానపు యాత్రికుల కోసం నిజాముల కాలంలో మక్కాలో ఏర్పడిన ఉచిత వసతి గృహాల ఏర్పాటు, అదే రుబాత్, పాత సంస్థానపు జిల్లాల హాజీలకు ఇప్పటికీ అక్కరకొస్తోంది.

ఉండిపోవడం అన్న మాట దగ్గర హైదరాబాద్‌లోని మన బార్కస్‌ను తలచుకోకుండా ముందుకు పోలేను. హద్రమౌత్ నుంచి ఒక పాయ జెద్దాకు వచ్చి వర్తకం చేస్తే, ఇంకో పాయ హైదరాబాద్ చేరి నిజాం సైన్యంలో కుదిరింది. చావుష్‌లని మనం పిలిచే ఆ అరబ్బులు హైదరాబాద్ దక్షిణాన ఈ బార్కస్‌లో కాపురాలు పెట్టుకున్నారు. వాళ్ళ హరీస్ అనే వంటకం మన మసాలా, నెయ్యి తగిలి హలీమ్ అయింది. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతేకాదు, నిజాం కొలువులో జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్-ఖుఐతీ సంపాదన హద్రమౌత్‌కు తిరిగి వెళ్ళి ఒక రాజ్యానికి పునాది అయింది. ముకల్లా రాజధానిగా ఆ ఖుఐతీ సుల్తానులు 1967 దాకా పాలించారు. అంటే దక్కన్‌లో మన రైతు కట్టిన శిస్తులో కొంత అరేబియా తీరంలో కోటగోడలుగా లేచింది. ఇవాళ కరీంనగర్ నుంచో జగిత్యాల నుంచో గల్ఫ్‌కు వచ్చి జీతం ఇంటికి పంపేవాడి ప్రయాణానికి ఇది సరిగ్గా తిరగేసిన ప్రయాణం. 1948లో హైదరాబాద్ మీద పోలీసు చర్య తర్వాత బార్కస్ అరబ్బులకూ గడ్డు రోజులు వచ్చాయి. అనేకమందిని నిర్బంధించారు, కొందరిని పంపించేశారు. అయినా అక్కడే పుట్టిన పిల్లలు అక్కడే ఉండిపోయారు, ఓటు వేశారు, హోటళ్ళు పెట్టారు. మందీ మనకు ఇష్టమైన భోజనం కావడానికి వెనుక ఆ ఉండిపోవడం ఉంది. జెద్దాలో బుఖారీ అన్నం వెనుక ఉన్నదీ అదే.

నేను పాత జెద్దాను మరీ అందంగా చిత్రిస్తున్నానని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయం ఉంది. ఈ రేవులో దిగినవాళ్ళందరూ యాత్రికులూ వర్తకులూ కారు. ఆఫ్రికా తీరం నుంచి బానిసలుగా తెచ్చి అమ్మిన మనుషులు ఉన్నారు. సౌదీలో బానిసత్వాన్ని రద్దు చేసింది 1962లో, అంటే మన తాతల కాలంలో కూడా కాదు, తండ్రుల కాలంలో. పశ్చిమ ఆఫ్రికా నుంచి ఏళ్ళ తరబడి నడిచి వచ్చిన పేద హాజీలు ఇక్కడ మూటలు మోసి, నీళ్ళు మోసి బతికారు. వంట నడకలో వాళ్ళ గురించి వినబడేది తక్కువ. ఉండిపోయినవాళ్ళందరికీ ఒకే మేడ దక్కలేదు. కానీ ఈ నిజం నా వాదాన్ని కొట్టేయదు. ఎంత అసమానంగా ఉన్నా, వచ్చినవాళ్ళ మనవలు ఈ ఊరివాళ్ళయ్యే దారి అప్పుడు ఒకటి తెరిచి ఉండేది.

ఆ దారి మూసుకోవడానికి మొదలు కూడా జెద్దాలోనే పడింది. చమురుకు ముందు ఈ రాజ్యానికి ప్రధాన ఆదాయం హాజీల మీద పన్ను. 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడింది. 1920ల చివర లక్ష దాటిన విదేశీ హాజీల సంఖ్య 1933 నాటికి దాదాపు 20 వేలకు పడిపోయింది. ఖజానా వట్టిపోయింది. ఆ ఏడాది మే నెలలో జెద్దా ఖుజామ్ భవనంలో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీతో చమురు ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 1938లో దమ్మామ్ 7వ బావి నూనె చిమ్మింది, 1952లో హాజీల పన్ను తీసేశారు. పరాయివాడి రాక ఖజానాకు ఆధారం కాకుండా పోయింది, 1954 పౌరసత్వ చట్టం ఎవరు సౌదీ, ఎవరు కాదు అన్న గీత గీసింది. 1970ల నుంచి వచ్చిన మనలాంటివాళ్ళు ఇఖామా అనే నివాస అనుమతి మీద వచ్చినవాళ్ళు, కఫీల్ అనే పూచీదారు పేరుమీద ఉన్నవాళ్ళు. 2022 జనగణనలో 3 కోట్ల 22 లక్షల మందిలో నూటికి 41 మందికి పైగా విదేశీయులే. ఇంతమంది వచ్చిన కాలం ఈ తీరం చరిత్రలో లేదు, ఇంతమందీ వెళ్ళిపోక తప్పని కాలమూ లేదు.

పాతబస్తీలో ఆ మార్పు కంటికి కనబడుతుంది. చమురు డబ్బు వచ్చాక పాత కుటుంబాలు ఉత్తరాన కొత్త భవనాలకు మారిపోయాయి. వదిలేసిన పగడపు ఇళ్ళలో గదికి ఇంతమందని వలస కూలీలు అద్దెకు చేరారు. ఇళ్ళు శిథిలమయ్యాయి, కొన్ని కాలిపోయాయి. కూలకుండా మిగిలిన వాటిలో దీపం వెలిగిస్తూ వచ్చింది ఆ కూలీలే. 2014లో యునెస్కో గుర్తింపు, 2019లో 56 భవనాల మరమ్మతుకు 5 కోట్ల రియాళ్ళు, 2021లో పునరుద్ధరణ పథకం వచ్చాయి. పని శ్రద్ధగా జరుగుతోంది. చెక్క గవాక్షాల పనితనం చూసి మెచ్చుకోకుండా ఉండలేం. అదే కాలంలో, 2021 చివరి నుంచి, జెద్దాలోని గులైల్ వంటి పేద వాడలను పెద్దఎత్తున కూల్చారు. తరాల తరబడి అక్కడే ఉన్న ఆఫ్రికన్, యెమెనీ, ఆసియా కుటుంబాలు చెదిరిపోయాయి. ఒకనాటి వలసల జ్ఞాపకాన్ని ఇంత ప్రేమగా కాపాడుకునే నగరంలోనే ఇవాళ్టి వలస బతుకు ఇలా చెదిరిపోవడం నాకు మింగుడుపడదు.

మనం ఇక్కడికి సంపాదించుకోవడానికి వచ్చాం, ఉండిపోవాలని ఎవరు అడిగారని మనవాళ్ళే అంటారు. ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలి, బిడ్డ పెళ్ళి చేయాలి, వెళ్ళిపోవాలి అన్న ఆలోచన నిజమైనదే, గౌరవించదగ్గదే. కానీ బుఖారా నుంచి బయల్దేరినవాడు కూడా తిరిగి వెళ్దామనే బయల్దేరాడు. ఉండాలా వెళ్ళాలా అన్నది ఏళ్ళు గడిచాక తేలే విషయం. అలా తేల్చుకునే వీలు అతనికి ఉండేది. 2019లో వచ్చిన శాశ్వత నివాస అనుమతికి రుసుము 8 లక్షల రియాళ్ళు. మేస్త్రీకీ డ్రైవరుకూ అది వినడానికి మాత్రమే పనికొచ్చే అంకె.

అయినా మనుషుల కంటే ముందు వంట వేరు పట్టేస్తోంది. జెద్దా షరఫియాలో మలయాళీల హోటళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా నిండి ఉంటాయి, భారతీయ వంటవాడు కలిపిన బిర్యానీ సౌదీ ఇళ్ళ విందుల్లో ఎప్పుడో చేరిపోయింది. పాతబస్తీ నడక నుంచి షరఫియా ఏమంత దూరం కాదు. మంతు ఎవరిదో, మందీ ఎవరిదో చెప్పే గైడు యాత్రికులను ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి, అక్కడి పొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఏ ఊరివాడో, ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉన్నాడో, ఇఖామా ఎప్పుడు అయిపోతుందో కూడా చెప్పాలి.