రెక్కల తలుపుల కారు
మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. చరిత్ర

ఒక యంత్రమును చూచినపుడు దాని ఆకారము అట్లేల ఉన్నదని ప్రశ్నించుట విజ్ఞానశాస్త్ర విద్యార్థికి మంచి అలవాటు. 1954లో జర్మనీ దేశమున బయలుదేరిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. అను రెండు సీట్ల కారునకు తలుపులు ప్రక్కకు తెరచుకొనవు. వాటి కీళ్లు పైకప్పు నడుమ ఉండును. తలుపులు పైకి లేచును. రెండు తలుపులును తెరచి ఉంచినపుడు ఆ కారు రెక్కలు చాచిన సముద్రపక్షివలె కనబడును. చూచినవారిలో పలువురు దీనిని ధనవంతుల ముచ్చట కొరకు చేసిన అలంకారమని తలచిరి. కాని ఆ తలుపులు అట్లు అమరుటకు కారణము త్రిభుజమునకు గల ఒక ధర్మము. ఆ కారు కథ తెలిసికొన్నచో యంత్రనిర్మాణమున ఒక చిక్కును విప్పబోయి మరొక చిక్కును తెచ్చుకొనుట ఎట్లు జరుగునో బోధపడును.

పాత ఇంజను, కొత్త పందెము

రెండవ ప్రపంచయుద్ధకాలమున డైమ్లర్ బెంజ్ కంపెనీ జర్మనీ యుద్ధవిమానములకు ఇంజనులు తయారు చేసెను. ఆ కర్మాగారములలో వేలకొలది నిర్బంధ కార్మికులచేత పని చేయించిరి. 1944లో బాంబుదాడులవలన ఆ కర్మాగారములు చాలవరకు ధ్వంసమైనవి. యుద్ధము ముగిసిన పిమ్మట జర్మనీలో విమానముల తయారీ నిషిద్ధమయ్యెను. కంపెనీ మరల కార్ల తయారీతో నిలద్రొక్కుకొని, 1951లో 300 అను పెద్ద కారును వెలువరించెను. దాని ఇంజనులో ఆరు సిలిండర్లు వరుసగా ఉండెను. మొత్తము ఘనపరిమాణము 2,996 ఘన సెంటీమీటర్లు. శక్తి 115 అశ్వసామర్థ్యములు.

ఆ సమయముననే కంపెనీ మోటారు పందెములలో తిరిగి ప్రవేశింపదలచెను. కొత్త ఇంజను నిర్మించుటకు ధనమును లేదు, వ్యవధియును లేదు. ఈ పని రుడోల్ఫ్ ఉలెన్‌హౌట్ అను ఇంజనీరుపై పడెను. ఆయన ఆ పెద్ద కారు ఇంజనునే తీసికొని, దాని శక్తిని సుమారు 170 అశ్వసామర్థ్యములకు పెంచెను. అయినను అది బరువైన ఇంజను. పోటీకార్లలో కొన్నిటికి అంతకు మించిన శక్తి కలదు. ఇంజను బరువును తగ్గించు ఉపాయము లేనపుడు మిగిలిన కారును తేలిక చేయవలెను. గాలి నిరోధమును తగ్గింపవలెను. ఎస్.ఎల్. అను అక్షరములు జర్మన్ భాషలో ‘అతితేలిక’ అను అర్థము గల మాటలకు సంకేతము.

త్రిభుజముల చట్రము

నాలుగు పుల్లలను కొసలయందు దారముతో కట్టి చతురస్రము చేసి, ఒక మూలను నొక్కి చూడుడు. అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు పుల్లలతో త్రిభుజము చేసి నొక్కినచో అది ఒరగదు. భుజముల పొడవు మారిననే తప్ప త్రిభుజము ఆకారము మారదు. రైలువంతెనల దూలములలో త్రిభుజములు కనబడుటకు ఇదియే కారణము. త్రిభుజములతో కూర్చిన చట్రములో ప్రతి కడ్డీయు ముఖ్యముగా లాగుడుకో నొక్కుడుకో మాత్రమే లోనగును. వంపునకు లోనగుట చాల తక్కువ. వంపునకు లోనుకాని కడ్డీ సన్ననిదైనను చాలును.

ఉలెన్‌హౌట్ ఈ సూత్రము ననుసరించి సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా అతికి చట్రము నిర్మించెను. తరువాత ప్రజలకు అమ్మిన కారులో ఈ చట్రము బరువు సుమారు 82 కిలోగ్రాములు మాత్రమే. అయితే దూలము ఎంత లోతుగా ఉన్న అంత గట్టిగా నుండును గదా! కారు నడుమ భాగము మెలిపడకుండుటకు సీట్ల కిరుప్రక్కల గొట్టముల అల్లికను ఎత్తుగా లేపవలసి వచ్చెను. సామాన్యముగా తలుపు క్రింది భాగముండు చోటును ఆ గొట్టములు ఆక్రమించెను. ఇక తలుపునకు మిగిలిన స్థలము పైన మాత్రమే. కనుక పైకప్పును కొంత కోసి, తలుపును పైకి తెరచుకొనునట్లు అమర్చిరి. నడుపువాడు ఎత్తైన గడపను దాటి లోనికి జారవలెను. అందుకు వీలుగా స్టీరింగు చక్రమును మడచు ఏర్పాటు చేసిరి.

గాలి నిరోధము కారు ముఖవైశాల్యముపై ఆధారపడును. నిలువుగా నుండు ఇంజను ఎత్తైనది. దానిపై మూత మరింత ఎత్తుగా నుండవలెను. అందుచే ఇంజనును ఎడమవైపునకు 50 డిగ్రీలు ఒరిగించి అమర్చిరి. ఇంజను క్రింద నూనె నిలుచు లోతైన తొట్టిని తీసివేసి, కందెన నూనెను వేరొక పాత్రలో నిలువచేసి పంపులచే ప్రవహింపజేసిరి. వీటివలన కారు ముక్కు వంగినది. గురుత్వకేంద్రము క్రిందికి దిగినది.

1952 నాటి పందెములు

1952 మే నెలలో ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా పందెమున ఈ కార్లు రెండవ, నాలుగవ స్థానములు పొందెను. జూనులో ఫ్రాన్సు దేశపు లెమాన్ నగరమున 24 గంటల పందెము జరిగెను. పియెర్ లెవెగ్ అను ఫ్రెంచివాడు టాల్బో కారును విశ్రాంతి లేక ఒక్కడే దాదాపు 23 గంటలు నడిపి అందరికంటె ముందుండెను. చివరి ఘట్టమున అతని ఇంజను విరిగిపోయెను. వెనుక వచ్చుచున్న రెండు మెర్సిడెస్ కార్లు మొదటి, రెండవ స్థానములు గెలిచెను. గెలిచిన కారు సగటు వేగము గంటకు సుమారు 155 కిలోమీటర్లు.

ఆ నవంబరులో మెక్సికో దేశమున 3,000 కిలోమీటర్లకు పైబడిన పందెము జరిగెను. మార్గమధ్యమున ఒక రాబందు ఎగిరివచ్చి కార్ల్ క్లింగ్ నడుపుచున్న కారు ముందు అద్దమును బ్రద్దలుచేసి, ప్రక్కనున్న హాన్స్ క్లెంక్‌ను గాయపరచెను. అయినను వారు ఆగక సాగిపోయి, తరువాత అద్దము ముందు ఉక్కు కడ్డీలు అమర్చుకొని పందెము గెలిచిరి. అతిబలమైన ఇంజను లేకున్నను, తేలికదనము, తక్కువ గాలి నిరోధము, చెడిపోని పనితనము కూడినచో గెలుపు సాధ్యమని ఆ సంవత్సరము ఋజువయ్యెను.

విమానము నుండి వచ్చిన విద్య

న్యూయార్కులో యూరపు కార్లు దిగుమతి చేయు మాక్స్ హాఫ్మన్ అను వ్యాపారి, ఇట్టి కారును ప్రజలకు అమ్మవచ్చునని కంపెనీని ఒప్పించెను. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో 300 ఎస్.ఎల్. వెలువడెను. పందెపు కారునకు లేని ఒక ముఖ్యమైన మార్పు దీనిలో కలదు: కార్బ్యురేటర్లను తీసివేసి, పెట్రోలును తిన్నగా సిలిండరులోనికి చిమ్ము పద్ధతిని ప్రవేశపెట్టిరి.

కార్బ్యురేటరులో గాలి ఇరుకు గొట్టము గుండా వేగముగా పోవుచు పెట్రోలును పీల్చుకొని తుంపరగా మార్చును. ఆ ఇరుకు గొట్టమే గాలికి అడ్డు. పైగా ఆ మిశ్రమము ఆరు సిలిండర్లకు సమముగా పంచబడదు. తిన్నగా చిమ్ము పద్ధతిలో గాలి మాత్రమే కవాటము గుండా ధారాళముగా వచ్చును. పెట్రోలును పంపు కొలిచి అందించును. పెట్రోలు సిలిండరులోనే ఆవిరియగుచు అచటి గాలిని చల్లబరచును గనుక ఇంజను అకాలదహనమునకు లోనుగాక ఎక్కువ పీడనమును ఓర్చుకొనును.

ఈ విద్య కొత్తది కాదు. యుద్ధకాలమున మెసర్‌ష్మిట్ 109 విమానములందలి డైమ్లర్ బెంజ్ 601 ఇంజనులో పెట్రోలు ఇట్లే చిమ్మబడుచుండెను. బ్రిటిషు విమానముల మెర్లిన్ ఇంజనులకు కార్బ్యురేటర్లుండెను. విమానము ముక్కును హఠాత్తుగా క్రిందికి వంచినపుడు కార్బ్యురేటరులోని పెట్రోలు పైకి ఎగసి ఇంజను క్షణకాలము తడబడెడిది. జర్మను విమానమునకు ఆ బాధ లేదు. 1941లో బీట్రిస్ షిల్లింగ్ అను మహిళా ఇంజనీరు చిన్న రంధ్రము గల బిళ్ల నొకదానిని ఇంధనమార్గమున అమర్చి, ఆ లోపమును చాలవరకు సవరించెను.

యుద్ధానంతరము 1950 దశకము ప్రారంభమున గుట్‌బ్రోడ్, గోలియాత్ అను చిన్న జర్మను కార్ల రెండుఘాత ఇంజనులలో బాష్ కంపెనీ పంపులతో ఈ పద్ధతి వాడుకకు వచ్చెను. లోగడ విమాన ఇంజనులపై పనిచేసి, తరువాత గుట్‌బ్రోడ్‌లో ఉన్న హాన్స్ షెరెన్‌బెర్గ్ 1952లో డైమ్లర్ బెంజ్‌కు తిరిగి వచ్చెను. ప్రజలకు అమ్మిన నాలుగుఘాత పెట్రోలు కార్లలో తిన్నగా చిమ్ము పద్ధతి గలది 300 ఎస్.ఎల్. మొదటిది. పెద్ద కారు ఇంజనులో స్పార్కు ప్లగ్గులుండిన స్థానమున చిమ్ముగొట్టములు అమర్చి, ప్లగ్గులను సిలిండరు తలలోనికి మార్చిరి. శక్తి 215 అశ్వసామర్థ్యములకు పెరిగెను.

అంకెలలో వేగము

ఈ ఇంజను గొప్పదనమును విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. సిలిండరు వ్యాసము 85, పిస్టను ప్రయాణము 88 మిల్లీమీటర్లు. ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణము సుమారు 499 ఘన సెంటీమీటర్లగును. నిమిషమునకు 5,800 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 48 మారులు దహనము జరుగును. గాలి పీల్చు ఘాతమునకు పట్టు కాలము సెకనులో సుమారు 200వ వంతు. ఆ స్వల్పకాలమున లోనికి వచ్చు గాలి అర గ్రాముకు కొంచెము ఎక్కువ. దానికి తగిన పెట్రోలు సుమారు 40 మిల్లీగ్రాములు. దీనిని ఎలక్ట్రాను పరికరముల సహాయము లేకుండ, పళ్లచక్రములు, మరలు గల పంపు మాత్రమే కొలిచి అందించెను.

వెనుక ఇరుసు పళ్లచక్రముల నిష్పత్తిని బట్టి ఈ కారు గరిష్ఠవేగము గంటకు 235 మొదలు 260 కిలోమీటర్ల వరకు చెప్పబడెను. గాలి నిరోధము వేగము వర్గముతోను, దానిని జయించుటకు కావలసిన శక్తి వేగము ఘనముతోను పెరుగును. వేగము రెండింతలైనచో గాలిని చీల్చుకొని పోవుటకు ఎనిమిదింతల శక్తి కావలెను. ఇంత వేగమునకు 215 అశ్వసామర్థ్యములు సరిపోవుటకు ఒరిగిన ఇంజను, వంగిన ముక్కు ఎంత తోడ్పడెనో దీనివలన ఊహింపవచ్చును.

బలము వెంట వచ్చిన బలహీనతలు

ఈ కారులో ఇంజను ముందునకు పోయినంతగా మిగిలిన భాగములు పోలేదు. కీ త్రిప్పి ఇంజనును ఆపిన పిమ్మట అది పూర్తిగా నిలుచువరకు పంపు పెట్రోలును చిమ్ముచునే ఉండెను. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడలపైనున్న నూనెను కడిగివేసి, కందెన నూనెలో కలిసి దానిని పలుచన చేసెను. కొద్దిదూరములు తిరుగు యజమానులు నూనెను తరచుగా మార్చుకొనవలసి వచ్చెను.

రెండవది బ్రేకుల సంగతి. ప్రయాణమునకు సిద్ధముగానున్న కారు బరువు దాదాపు 1,300 కిలోగ్రాములు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున దాని గతిశక్తి సుమారు 5 లక్షల జౌళ్లు. 250 కిలోమీటర్ల వేగమున 31 లక్షల జౌళ్లు. ఆపవలసి వచ్చినపుడు ఈ శక్తిలో అధికభాగము బ్రేకులలో ఉష్ణముగా మారవలెను. ఈ కారునకుండిన డ్రమ్ము బ్రేకులు రెక్కలు గల వెడల్పైనవే అయినను, అతివేడికి వాటి పట్టు సడలెడిది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వెనుక ఇరుసు. అది రెండు ముక్కలుగా నడుమనుండి ఊగును. వంపు తిరుగునపుడు నడుపువాడు భయపడి యాక్సిలరేటరుపై కాలు తీసినచో కారు వెనుక భాగము లేచును. చక్రములు లోపలికి ముడుచుకొని నేలపై పట్టు తప్పును. కారు గిర్రున తిరుగును. తడబడినవాడు సహజముగా చేయు పనియే ఇచట ప్రమాదహేతువగుట గమనింపదగినది. పందెగాండ్రు దీనిని నేర్పుతో సంబాళించిరి. సామాన్యులకు అది కష్టము.

ఇట్టి కార్లు 1957 వరకు 1,400 తయారైనవి. ఆ సంవత్సరమే దాని స్థానమున పైకప్పు లేని రకము వచ్చెను. దానిలో చట్రము ప్రక్కలను తగ్గించి మామూలు తలుపులు పెట్టిరి. ఇరుసు ఊగు కీలును క్రిందికి దింపి, చక్రములు ముడుచుకొనుట తగ్గించిరి. 1961లో డిస్కు బ్రేకులు అమర్చిరి. రెక్కల తలుపులు పోయినవి గాని నడుపువారికి క్షేమము పెరిగెను.

లెమాన్ విషాదము

ఈ నడుమ 1955 జూన్ 11వ తేదీన లెమాన్‌లో ఘోరము జరిగెను. మెర్సిడెస్ కంపెనీ ఆ పందెమునకు తెచ్చినది 300 ఎస్.ఎల్.ఆర్. అను వేరొక కారు. ఎనిమిది సిలిండర్లు కలది. దానిని నడిపినవారిలో ఒకరు, మూడేండ్ల క్రితము మెర్సిడెస్ చేతిలో గెలుపు జారవిడుచుకొన్న ఆ పియెర్ లెవెగ్. ముందు పోవు జాగ్వారు కారు తన మజిలీకై బ్రేకు వేసెను; వెనుకనున్న ఆస్టిన్ హీలీ కారు దానిని తప్పించుకొన ప్రక్కకు జరిగెను; అతివేగమున వచ్చు లెవెగ్ కారు దానిని తాకి గాలిలోనికి లేచి ప్రేక్షకులలో పడెను. లెవెగ్‌తోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. మెగ్నీషియము మిశ్రలోహముతో చేసిన ఆ కారు దేహము చాలసేపు మండెను. ఆ పందెపుబాట మొదట నిర్మింపబడినపుడు కార్ల వేగము ఇంతకంటె ఎంతో తక్కువ. వేగము పెరిగినంతగా బాటయు, ప్రేక్షకుల రక్షణయు మారలేదు. ఆ సంవత్సరాంతమున కంపెనీ పందెముల నుండి విరమించుకొని, చాలకాలము తిరిగి రాలేదు.

నేటికి మిగిలినది

పెట్రోలును తిన్నగా సిలిండరులోనికి చిమ్ము పద్ధతి ఖరీదైనది గనుక చిరకాలము మూలబడెను. 1996లో జపాను దేశపు మిత్సుబిషి కంపెనీ ఎలక్ట్రాను నియంత్రణతో దానిని మరల కార్లలోనికి తెచ్చెను. నేడు మన వీధులలో తిరుగు పెట్రోలు కార్లలో అనేకము ఈ పద్ధతిపై నడచుచున్నవి. పెట్రోలు ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో ఇపుడు చిన్న కంప్యూటరు నిర్ణయించును. కీ త్రిప్పిన తక్షణమే అది ఆగిపోవును.

యుద్ధవిమానమునకై నేర్చిన విద్య శాంతికాలపు వాహనమున స్థిరపడుటకు అర్ధశతాబ్దము పట్టెను. ఆ విద్యకు తగిన ఇరుసు, బ్రేకు, బాట ఒక్కొక్కటిగా వెనుక వచ్చి చేరినవి. వాటిలో కొన్ని ప్రాణనష్టము జరిగిన తరువాతనే వచ్చినవి. ఇంజను శక్తిని లెక్కించునపుడే దానిని ఆపు శక్తిని, మలపు శక్తిని గూడ లెక్కింపవలెనను నియమమును ఇంజనీర్లు ఇట్టి అనుభవములనుండియే నేర్చుకొనిరి.