పగడపు తొట్టిలో ఇరుగుపొరుగు

గాజు తొట్టిలో రంగురంగుల చేపలను పెంచడం చూడడానికి తేలికగా కనిపించే వేడుక. మంచినీటి చేపల విషయంలో అది కొంతవరకు తేలికే. కాని సముద్రపు నీరు నింపి, అడుగున పగడపు రాళ్ళు పేర్చి, వాటి మధ్య ఉష్ణమండల సముద్రాల చేపలను ఉంచవలసి వచ్చినప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న "ఏ చేప అందంగా ఉన్నది?" అన్నది కాదు, "ఏ చేప పక్కన ఏ చేప బ్రతుకుతుంది?" అన్నది. సముద్రంలో కయ్యానికి ఓడిన చేప పారిపోతుంది. తొట్టిలో పారిపోవడానికి చోటు లేదు. అందుచేత ఇక్కడ పొరపాటుకు మూల్యం ప్రాణమే.

ఈ ప్రశ్నకు నేడు మనకు తెలిసిన సమాధానం ఒక్కరోజులో దొరకలేదు. అది నూట డెబ్బై సంవత్సరాలకు పైగా, ఒక గృహిణి, ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, జంతువుల ప్రవర్తనను పరిశీలించిన కొందరు విజ్ఞానులు తలా ఒక ముక్క చేర్చగా ఏర్పడినది.

నత్త నేర్పిన పాఠం

1846లో లండన్ నగరానికి చెందిన ఆనా థిన్ అనే ఆమె ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీ పట్టణానికి వెళ్ళి, అక్కడి సముద్రంలో దొరికిన చిన్న రాతి పగడాలను జాడీలో పెట్టుకొని ఇంటికి తెచ్చినది. లండన్‌కు సముద్రం దూరం. మాటిమాటికీ కొత్త నీరు తెప్పించడం సాధ్యం కాదు. అందుచేత ఆమె ఒక ఉపాయం ఆలోచించినది. ఉన్న నీటినే తెరచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోనుంచి మరొక పాత్రలోనికి పనిమనిషి చేత పోయించేది. అలా పోసినప్పుడు నీటిలో గాలి కలుస్తుంది. తరువాత ఆమె సముద్రపు నాచును కూడా ఆ నీటిలో చేర్చినది. పగడాలు చావకపోగా, సంతానాన్ని కూడా పెంచుకున్నాయి.

ఆమె చేతితో సాధించిన దానికి కారణాన్ని రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వివరించాడు. 1849లో అతడు పన్నెండు గ్యాలన్ల, అంటే సుమారు 55 లీటర్ల నీటిలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచాడు. చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క వెలుతురులో గ్రహించి ఆమ్లజనిని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లజనిని చేపలు పీల్చుకుంటాయి. ఇద్దరి అవసరాలూ తీరాయి. అయినా కొన్నాళ్ళకు మొక్క ఆకులు కుళ్ళి, నీరు మురికి పట్టినది. అప్పుడు వారింగ్టన్ చెరువు నత్తలను తెచ్చి వేశాడు. నత్తలు కుళ్ళిన ఆకులను తిన్నాయి, నత్తల గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి, నీరు తేటపడినది. ఈ సంగతిని అతడు 1850లో లండన్‌లోని కెమికల్ సొసైటీకి తెలియజేశాడు.

ఒక తొట్టిలో ప్రాణులను ఎన్నిక చేయడంలో ఇది మొదటి సూత్రం. ప్రతి ప్రాణికీ అక్కడ ఒక పని ఉండాలి. ఒకటి విడిచినది మరొకదానికి పనికిరావాలి.

వేడుక, దాని వైఫల్యం

1853లో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి మొదటి చేపల గృహం తెరిచారు. అందుకు సముద్ర జీవులను సేకరించి ఇచ్చినవారిలో ముఖ్యుడు ఫిలిప్ హెన్రీ గాస్. 1854లో అతడు "ది అక్వేరియం" అనే పుస్తకం ప్రకటించాడు. ఆ పేరు లోకమంతటా వ్యాపించినది. ఉప్పు, మెగ్నీషియం లవణాలు, పొటాసియం లవణం మంచినీటిలో కలిపి సముద్రపు నీటి వంటి నీటిని తయారు చేసే విధానాన్ని కూడా ఆ సంవత్సరమే వివరించాడు.

ఇంగ్లండులో ఇంటింటా గాజు తొట్లు వెలిశాయి. జనం సముద్రపు ఒడ్డుకు వెళ్ళి, పీతలు, రొయ్యలు, ఎనిమోనులు, చిన్న చేపలు, కనిపించిన ప్రతిదానినీ తెచ్చి ఒకే తొట్టిలో వేశారు. పీత తన పని తాను చేసినది. బలమైనది బలహీనమైనదాన్ని తిన్నది. మిగిలిన కళేబరం కుళ్ళి నీరంతా విషమైనది. 1860 దశకం ముగిసేసరికి ఈ వేడుక చాలా ఇళ్ళలో చల్లారినది.

నీటి సమస్యకు పెద్ద ఎత్తున పరిష్కారం చూపినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1864లో హాంబర్గ్‌లోను, 1871లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లోను అతని పర్యవేక్షణలో పెద్ద ఆక్వేరియంలు నెలకొన్నాయి. ప్రదర్శన తొట్లలో ఉన్న నీటికి ఎన్నో రెట్లు నీటిని నేల క్రింద చీకటి తొట్టిలో నిలవ చేసి, యంత్రాలతో నిరంతరం తిప్పడం అతని పద్ధతి. అది ఎందుకు పనిచేస్తుందో తరువాత తేలినది. 1890 ప్రాంతంలో రష్యా దేశీయుడైన వినోగ్రాడ్‌స్కీ, అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులను వేరుచేసి చూపాడు. చేపల విసర్జనలోని అమ్మోనియా వాటికి విషం. ఆ విషాన్ని విరిచేది కంటికి కనిపించని ఈ జీవులే. అవి నిలదొక్కుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే నేటికీ కొత్త తొట్టిలో మొదటి రోజుననే చేపలను వేయరాదు.

ఈ వేడుక మన తీరానికి కూడా వచ్చినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1909లో, మద్రాసు సముద్రతీరాన ఆక్వేరియం తెరిచారు. మన దేశంలో ప్రజల కొరకు ఏర్పడిన మొదటి ఆక్వేరియం అదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో అది మూతపడినది.

రాయికి ప్రాణమున్నది

అంతవరకు ఆక్వేరియంలలో పగడం అంటే ఎక్కువగా తెల్లని ఎముక వంటి అలంకారమే. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. అతడు సముద్రంలోనుంచి పగడపు రాళ్ళను వాటిమీది నాచు, పురుగులు, సూక్ష్మజీవులతో సహా తెచ్చి తొట్టిలో పేర్చాడు; గాలి బుడగలు మాత్రం వదిలాడు; వెలుతురు పడనిచ్చాడు. ఆ రాళ్ళే నీటిని శుద్ధి చేశాయి. బ్రతికిన పగడాలతో నిండిన తొట్టికి దారి ఏర్పడినది.

అప్పుడు పాత ప్రశ్న కొత్తగా ముందుకు వచ్చినది. నీరు బాగున్నది, తిండి ఉన్నది, పెద్ద నోరున్న వేట చేప ఏదీ లేదు. అయినా చేపలు చచ్చేదాకా కొట్టుకుంటున్నాయి. ఎందువలన?

ఒక ఒరలో రెండు కత్తులు

ఈ ప్రశ్నను ఆస్ట్రియా దేశీయుడైన కోన్రాడ్ లోరెంజ్ పరిశీలించాడు. ఫ్లోరిడా తీరాన నీటిలో ఈదుతూ పగడపు దిబ్బల చేపలను చూశాడు. తరువాత తన సంస్థలోని ఆక్వేరియంలో వాటిని పెంచాడు. 1963లో ప్రకటించిన గ్రంథంలో అతడు చెప్పిన సంగతి ఇది: గోడపత్రికల వలె కొట్టవచ్చినట్లు కనిపించే రంగులున్న చేపలు తమ జాతి చేపను చూస్తే మండిపడతాయి, పరాయి జాతిని చాలావరకు పట్టించుకోవు. ఒకే జాతి చేపలకు ఒకే తిండి, ఒకే రకం గూడు కావాలి. కనుక ఒకదానినొకటి తరుముకొని, దిబ్బ అంతటా సర్దుకుంటాయి. ఆ రంగులు "ఈ చోటు నాది" అని దూరంనుంచి తెలిపే జెండాలు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మన సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. లోరెంజ్ 1973లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమానం పొందాడు.

కాని అతని సూత్రం పూర్తి సమాధానం కాలేదు. కరీబియన్ ప్రాంతంలో ఒక డామ్సెల్ చేప రాళ్ళమీద నాచుమడి పెంచుకొని, దానిని కాపలా కాస్తుంది. 1974లో ఆర్థర్ మిర్బర్గ్, రానాల్డ్ థ్రెషర్ అనే పరిశోధకులు దానిని గురించి ప్రకటించారు. సీసాలలో వేరువేరు చేపలను ఉంచి, దాని స్థావరం వైపు జరుపుతూ, అది ఎంత దూరంలో మీదికి ఉరుకుతుందో కొలిచారు. అది తన జాతినే కాక, పరాయి జాతులను కూడా తరిమినది. కొన్నింటిని దూరంలోనే అడ్డగించినది. కొన్నింటిని బాగా దగ్గరకు రానిచ్చినది. తన మడిలోని నాచును మేసేవి ఏ జాతివైనా దానికి పగవారే. అంటే చేపకు పొరుగు చేప పేరుతో పని లేదు. అది తన తిండికి, తన గూటికి పోటీ వస్తుందా అన్నదే లెక్క.

మరొక రహస్యం చేపల కుటుంబ వ్యవస్థలో బయటపడినది. ఇతర చేపల ఒంటిమీది పురుగులను ఏరి తినే ఒక ర్యాస్ చేపలో ఒక మగచేప, దాని ఆధీనంలో కొన్ని ఆడచేపలు ఉంటాయి. మగచేప పోతే, ఆడచేపలలో పెద్దది మగచేపగా మారుతుందని రాస్ రాబర్ట్‌సన్ 1972లో తెలిపాడు. ఎనిమోనులో నివసించే క్లౌన్ చేపలలో ఇది తలక్రిందులు. అక్కడ పెద్దది ఆడచేప. అది పోతే మగచేప ఆడచేపగా మారుతుంది. ఈ సంగతి 1977లో ప్రకటితమైనది. పెంచేవారికి ఇందులో ఒక ఉపయోగమున్నది. ఒక పెద్ద, ఒక చిన్న క్లౌన్ పిల్లలను కలిపి పెంచితే కాలక్రమాన అవి జంట కడతాయి. రెండు ఎదిగిన ఆడచేపలను కలిపితే కొట్లాట తప్పదు.

నేటి ఎన్నిక

ఈ చరిత్ర అంతా కలిపి చూస్తే పెద్ద పగడపు తొట్టికి చేపలను ఎన్నుకొనే పద్ధతి తేటపడుతుంది.

మొదట నోటిని చూడాలి. గ్రూపర్, లయన్ చేపల వంటివి తమ నోట పట్టే ప్రతి చేపనూ మింగుతాయి. తరువాత పగడాన్ని చూడాలి. సీతాకోకచిలుక చేపలలో చాలా జాతులు పగడాలనే కొరికి తింటాయి. వాటికి పగడపు తొట్టిలో చోటు లేదు. ఆ తరువాత పోటీని చూడాలి. జంటగానో, గుంపుగానో బ్రతికే జాతులను విడిచి, తక్కినవాటిలో జాతికి ఒక్కటే ఉండాలి. రూపంలో, రంగులో, తిండిలో పోలిక ఉన్న జాతులను కలపకుండడం మేలు. ఇసుకలో ఉండే గోబీ, నాచు మేసే సర్జన్ చేప, నడినీటిలో తిరిగే క్రోమిస్ గుంపు కలిసి ఉండగలవు. ఏ ఒక్కదాని చోటూ మరొకదానికి అక్కరలేదు.

వరుస క్రమం కూడా ముఖ్యమే. పిరికి చేపలను ముందు, కయ్యపు చేపలను చివర ప్రవేశపెట్టాలి. ముందు వచ్చినది చోటును సొంతం చేసుకుంటుంది గనుక, తగవులమారి ముందు వస్తే తరువాతివారికి గది దొరకదు. అంతకుముందే ప్రతి చేపనూ నాలుగు నుండి ఆరు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి. తెల్లమచ్చల జబ్బు కలిగించే సూక్ష్మజీవి ఒక్క చేపమీద వచ్చినా తొట్టి మొత్తానికి వ్యాపిస్తుంది.

కొట్టుకోకపోవడం ఒక్కటే చాలదని మాండరిన్ చేప చెబుతుంది. అది ఎవరి జోలికీ పోదు. కాని రాళ్ళమీద తిరిగే అతి చిన్న ప్రాణులను రోజంతా ఏరుకు తినడం దానికి అలవాటు. రాళ్ళు తక్కువైన తొట్టిలో, చురుకైన చేపల మధ్య, అది పోట్లాట లేకుండానే ఆకలితో చనిపోతుంది.

తొట్టి పెద్దదైతే ఈ నియమాలు సడలుతాయా? ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నగరంలో 1987లో తెరిచిన పగడపు తొట్టిలో 25 లక్షల లీటర్ల నీరు పట్టేది. అంత నీటిలోనూ అన్నింటినీ కలపలేదు. పెద్ద వేట చేపల కొరకు పక్కనే వేరొక తొట్టి కట్టి, మధ్యలో పారదర్శకమైన గోడ నిలిపారు.

ఈ ఎన్నిక తొట్టి యజమానికి మాత్రమే సంబంధించినది కాదు. మంచినీటి అలంకారపు చేపలు చాలావరకు పెంపకంలో పుట్టినవి. సముద్రపువి అత్యధికంగా దిబ్బలనుంచి పట్టినవి. ఇండోనేషియాలోని బంగ్గాయి దీవుల చుట్టుపక్కల మాత్రమే సహజంగా ఉండే కార్డినల్ చేప 1990 దశకంలో వ్యాపారంలోనికి వచ్చినది; 2007 నాటికి అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికకు ఎక్కినది. అది తొట్లలోనే పిల్లలను పెట్టగల చేప. పెంపకంలో పుట్టినదాన్ని కొంటే సముద్రంలోనిదానికి ఆపద తగ్గుతుంది. మన దేశంలోను 2001లో సముద్రపు గుర్రాలను, రాతి పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టం క్రిందికి తెచ్చారు. వాటిని మన సముద్రాలనుంచి తీయడం నేరం.

గోదావరి, కృష్ణా నదుల ఒండ్రు, మంచినీరు కలిసే మన తీరంలో చెప్పుకోదగిన పగడపు దిబ్బలు లేవు. పగడపు దిబ్బను మనలో చాలామంది మొదటిసారి చూసేది గాజు వెనుకనే. ఆ గాజు వెనుక ఉన్న ప్రతి చేపకూ గూడు, తిండి, పొరుగు ముందే ఆలోచించి పెట్టినవైతేనే అది దిబ్బకు నమూనా అవుతుంది. అంగడికి పోకముందే కాగితంమీద జాబితా వ్రాసి, ఒక్కొక్క చేప ఎదుట దాని తిండి, దాని చోటు, దాని పగవారు ఎవరో వ్రాసుకోవడం మంచిది. ఆ మూడింటిలో ఏది ఖాళీగా మిగిలినా ఆ చేపను జాబితానుంచి కొట్టివేయాలి.