సైకిల్ మీద చూసిన ఆంగ్కోర్

ఆంగ్కోర్ వాట్‌ను 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ కట్టించాడని మన సోషల్ మాస్టారు చెప్పారు. పరీక్షకు అది సరిపోయింది.

రిటైరయ్యాక కంబోడియా వెళ్లాను. ఒకరోజు టికెట్టుకే 37 డాలర్లయ్యాయి. ఇక కారు మాట మరిచి, సియెమ్ రీప్‌లో సైకిల్ అద్దెకు తీసుకున్నాను. ఆరు కిలోమీటర్లు తొక్కితే ఆంగ్కోర్ వాట్. ఇంకాస్త ఉత్తరాన, ఏడవ జయవర్మ కట్టించిన బయాన్. దాని బయటి గోడల మీద యుద్ధాలతో పాటు చేపలమ్మే ఆడవాళ్లు, వంటవాళ్లు, పుంజులను ఎగదోస్తున్న పందెంరాయుళ్లు! అదే రాజు తా ప్రోమ్‌లో వేయించిన 1186 నాటి సంస్కృత శాసనంలో 102 ఆసుపత్రుల లెక్క ఉంది.

రాజు పేరు దగ్గరే ఆగిన నా పాఠం అక్కడ ముందుకు సాగింది. మాస్టారు ఉండి ఉంటే, ముందు ఆయనకే చెప్పేవాణ్ణి.