వాల్తేరులో ఓ గది

1998లో ఎమ్మే చరిత్ర చదవడానికి విశాఖపట్నం వెళ్ళాను. కాగజ్‌నగర్ నుంచి కాజీపేట దాకా ఒక బండి, అక్కడినుంచి రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్. తెల్లవారుజామున దిగి సముద్రం కోసం నాలుగు దిక్కులా చూశాను. స్టేషన్లోంచి సముద్రం కనపడదని నాకెవరూ చెప్పలేదు. కాసేపటికి కనపడింది ఎండ. ఎండ మాకు కొత్త కాదు. కానీ మాది పొడి ఎండ, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. ఇక్కడి ఎండలో ఉప్పుంది. కట్టుకున్న బట్ట ఒంటికి అంటుకుని పొద్దుగూకేదాకా వదలదు.

హాస్టల్లో చోటు దొరకడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా గది కోసం తిరగడమే నాకు ఊరు నేర్పింది. చినవాల్తేరు, పెదవాల్తేరు, మద్దిలపాలెం. గేటు దగ్గరే ప్రశ్నలు మొదలయ్యేవి. పెళ్ళయిందా? ఒక్కదానివేనా? నిన్ను చూడ్డానికి ఎవరెవరొస్తారు? ఒకావిడ నేను "ఏందమ్మా" అనగానే నవ్వి, "మీరు తెలుగువాళ్ళేనా?" అనడిగింది. వెటకారం కాదు, నిజంగానే అనుమానమొచ్చింది. మా మిల్లు క్వార్టర్స్‌లో ఒక వరసలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ మాట్లాడే ఇళ్ళుండేవి. ఊరికి ఇటువైపు గోండి, అటువైపు తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్ళ బెంగాలీ. అక్కడ నా భాష ఏమిటని నన్నెవరూ అడగలేదు. తెలుగే మాట్లాడే ఊళ్ళో అడిగారు.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ లైబ్రరీలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆత్మకథ 'చింతామన్ అండ్ ఐ' చేతికొచ్చింది. 1930ల్లో ఆమె ఇక్కడ రాజనీతిశాస్త్రం ఆనర్స్ చదవాలనుకుంది. ఆడపిల్లలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేమన్నారు. ఆమె పేపర్లో ప్రకటన వేయించింది. వసతి లేకే చదువు ఆగిపోయిన అమ్మాయిలు కొందరు ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక చోటు వెతుక్కుని హాస్టల్ తామే పెట్టుకున్నారు. అప్పుడు సీటిచ్చారు.

ఈ కథని మనం దుర్గాబాయి పట్టుదలకి ఉదాహరణగా చెప్పుకుంటాం. నిజమే. చిన్నతనంలో చేసిన పెళ్ళిని కాదని బయటికొచ్చిన మనిషి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మనిషి. కానీ అవతల కూర్చున్న వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి కూడా తక్కువవాడు కాదు. 1930లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆ పదవికే రాజీనామా చేసి, తర్వాత మళ్ళీ వచ్చినవాడు. అలాంటి ఇద్దరి మధ్య అడ్డం నిలిచింది ఒక గది. యూనివర్సిటీ 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు మెట్టమీదికి వచ్చేసింది. ఆడపిల్ల రావడానికి మాత్రం ఇల్లు తనే చూసుకోవాల్సి వచ్చింది. నాకైతే ఆమెకన్నా ఆ ప్రకటన చదివిన అమ్మాయిల మీదికి మనసు పోయేది. ఏ వంటింట్లో, ఎవరి కంట పడకుండా ఆ పేపరు ముక్క దాచుకుని ఉంటారు?

క్లాసులో మేం చదివిన విశాఖ చరిత్ర వేరు. 1933లో రేవు ప్రారంభం, 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు, యూనివర్సిటీ కొంతకాలం గుంటూరుకి తరలిపోవడం, 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్ళలోకి దిగడం. ఓడలకి, బాంబులకి తేదీలున్నాయి. పెదజాలారిపేట ఆడవాళ్ళకి లేవు.

వాళ్ళు తెల్లారకముందే ఒడ్డున ఉంటారు. వేట మగవాళ్ళది, తెప్ప ఒడ్డుకి చేరాక చేప ఆడవాళ్ళది. బేరం, అప్పు, ఎండబెట్టడం, నెత్తిన గంపతో ఇళ్ళ వెంట తిరగడం, డబ్బు లెక్క అంతా వాళ్ళ చేతుల్లో. మర పడవలొచ్చి, చేప ఫిషింగ్ హార్బర్లో దిగడం మొదలయ్యాక ఆ లెక్క మారింది. భర్త తెచ్చిన చేపని అమ్మే మనిషి, వేలంపాటలో పెద్ద వ్యాపారుల పక్కన నిలబడి కొనుక్కోవాల్సిన మనిషయింది. మా హాస్టల్ దారిలో కూర్చునే ఒకామె ఇదంతా నాకు రెండు మాటల్లో చెప్పింది: "ముందు సముద్రం మాకిచ్చేది. ఇప్పుడు సేటు ఇత్తన్నాడు."

"నీదే ఊరమ్మా?" అని అడిగిందొకసారి.

"కాగజ్‌నగర్. కాగితాలు చేసే ఊరు."

"అయితే మీ ఊరి కాయితంలోనే సేపలు సుట్టి ఇత్తన్నానేటి?"

ఆమె చేతిలో ఉన్నది పాత దినపత్రిక. మా మిల్లుది రాత కాగితం, అచ్చు కాగితం. సరిదిద్దబుద్ధి కాలేదు.

గాజువాక వైపు నుంచి వచ్చే నా క్లాస్‌మేట్ వాళ్ళది ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయిన ఊరు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమం, 1966 నవంబరు 1న పోలీసు కాల్పులు, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఇది అందరికీ తెలిసిన వరస. ఆ ఫ్యాక్టరీకి 64 ఊళ్ళ భూమి పోయింది. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు వాళ్ళింట్లో అన్నయ్య పేర ఉండేది. ఇంటికో ఉద్యోగం అన్నప్పుడు ఆ ఇంట్లో తను లెక్కకొస్తుందా అని ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఒకరోజు మాత్రం నన్నే అడిగింది. "మీ మిల్లు కింద ఎవరి ఊళ్ళు పోయాయి?"

జవాబు లేకపోయింది నా దగ్గర. కొత్తపేట అనే ఊరు మిల్లు వచ్చాక కాగజ్‌నగర్ అయిందని తెలుసు. సిర్పూర్ పేపర్ మిల్లుని 1938లో నెలకొల్పారని, 1942లో ఉత్పత్తి మొదలైందని నాన్న చెప్పగా విన్నాను. ఆ రెండు సంవత్సరాల మధ్యలోనే, 1940లో, మాకు ఎంతో దూరంలేని జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఈ మూడు తేదీల్నీ ఒక్క కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూసింది నేను విశాఖలో, సముద్రం ఒడ్డున. చిన్నప్పుడు క్వార్టర్స్ ముందునుంచి వెదురు లారీలు పోతుంటే పిల్లలం పందెం కట్టి లెక్కపెట్టేవాళ్ళం. ఆ వెదురుతో తట్టలూ తడికెలూ అల్లుకునే ఆడవాళ్ళకి అది అడవి, మాకు లోడు. మా ఊళ్ళో అందరం బయటినుంచి వచ్చినవాళ్ళమే అని గొప్పగా చెప్పుకునేదాన్ని. మేం వచ్చేముందే అక్కడున్నవాళ్ళు ఆ 'అందరం'లో లేరు.

2014లో మా మిల్లు మూతపడ్డప్పుడు ఆమె నాకు ఫోన్ చేసింది. 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్ళీ తెరిచారు. ఆ నాలుగేళ్ళూ క్వార్టర్స్ ఆడవాళ్ళు ఇళ్ళెలా నడిపారో రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. 2021లో ఉక్కు ఫ్యాక్టరీని ప్రైవేటుకిస్తామన్న వార్త వచ్చినప్పుడు నేను ఆమెకి ఫోన్ చేశాను. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

అమ్మ విశాఖ వచ్చింది ఒక్కసారే, నేను చదువుకునేటప్పుడు. సముద్రం చూసి, "దీని ఆవలి ఒడ్డు యాడుంది బిడ్డా?" అంది. పెద్దవాగు తప్ప నీళ్ళెరగని మనిషి. తిరిగొస్తుంటే దారిలో ఆ చేపలామె దగ్గర ఆగింది. హాస్టల్లో వండుకోడానికి వీల్లేదని నేను చెబుతూనే ఉన్నాను, అమ్మ అప్పటికే ఒక చేప మొప్ప ఎత్తి చూస్తోంది.

"గింత చేపకు గంత ధరా?"

"ఏటమ్మా, సముద్రం నువ్వు దాటొచ్చి తెత్తావేటి?"

పావుగంటసేపు బేరం నడిచింది. నేను మధ్యలో అర్థం చెప్పబోతే ఇద్దరూ కలిసి నన్ను కసిరారు.