ఎలక్ట్రిక్ గిటారు కొంటున్నారా? మోడళ్లు, వాటి చరిత్ర, ఖర్చు లెక్క

మెదక్: ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలోనే మా ఖాలా ఫోన్ చేసింది. "వీడికి గిటారు కావాలంట. మామూలుది కాదు, కరెంటుది. దమ్మామ్ నుంచి మామూ పాతిక వేలు పంపిస్తానన్నాడు. నువ్వు బీకాం చదివినవ్ కదా, లెక్క చూసి చెప్పు" అంది. పిల్లాడేమో యూట్యూబ్‌లో చూసిన నల్లటి, కొమ్ముల్లాంటి గిటారు ఫొటో వాట్సాప్‌లో పంపాడు. దాని ధర లక్ష పైనే.

మెదక్‌లో గిటారు చూడాలంటే చర్చి పాటల బృందంలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో చూడాలి. కొనాలంటే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు పోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ఆర్డర్ పెట్టాలి. అడిగి తెలుసుకోవడానికి పక్కన మనిషి ఉండడు. ఖాలా ఇంటి కోసం సేకరించిన వివరాలు మరికొన్ని ఇళ్లకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. సంగీతం విషయంలో మన ఇళ్లల్లో అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. అది ఆ ఇంటి పెద్దలు, ఉలమాలను అడిగి తేల్చుకోవాల్సిన మాట. ఇక్కడ వస్తువు గురించీ, దాని ధర గురించీ మాత్రమే.

గిటారుకు కరెంటు అక్కర్లేదు

ముందు ఖాలా అడిగిన ప్రశ్న: "షాక్ కొడుతదా?" ఎలక్ట్రిక్ గిటారును ప్లగ్గులో పెట్టరు. తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో అతి చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటు వైరు గుండా ఆంప్‌లోకి పోయి, పెద్దదై, స్పీకర్‌లో శబ్దంగా వస్తుంది. అందుకే దీనికి నైలాన్ తీగలు పనికిరావు. ఇంటి కరెంటు కావాల్సింది ఆంప్‌కు. షాక్ ప్రమాదం కూడా అక్కడే ఉంది, దాని సంగతి కింద చెబుతాను.

అమ్మలకు నచ్చే సంగతి ఒకటుంది. ఆంప్ పెట్టకపోతే దీని చప్పుడు పక్క గదికి కూడా సరిగా వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అజాన్ వేళకూ, పెద్దవాళ్ల నిద్రకూ అడ్డం రాదు. ఈ లెక్కన చెక్క పెట్టె గిటారు కన్నా ఇదే నయం.

ఊద్ నుంచి పెనం దాకా

గిటారు అనే మాట గ్రీకు నుంచి అరబీ 'ఖీతారా' మీదుగా స్పెయిన్‌కు చేరింది. యూరప్ వాళ్ల 'ల్యూట్' పేరు నేరుగా 'అల్ ఊద్' నుంచే వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్ నుంచి కుర్తుబా వెళ్లిన జిర్యాబ్ ఊద్‌కు ఐదో తీగ కలిపాడని చెబుతారు.

అమెరికాలో 1920లలో పెద్ద పెద్ద బ్యాండ్లు వచ్చాయి. బాకాల మోతలో గిటారు వినపడేది కాదు. జార్జ్ బోషాంప్ అనే సంగీతకారుడు 1931లో పికప్ ఉన్న గిటారు నమూనా చేశాడు. అది 1932లో మార్కెట్లోకి వచ్చింది. పోత అల్యూమినియంతో చేసిన గుండ్రటి ఒళ్లు, పొడవాటి మెడ ఉండడంతో దానికి 'ఫ్రైయింగ్ పాన్', అంటే పెనం అనే పేరు పడిపోయింది. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 తెచ్చింది. దాని ఒళ్లు మాత్రం లోపల ఖాళీయే. ఖాళీ ఒంటితో చిక్కేమిటంటే, ఆంప్ పెంచితే స్పీకర్ శబ్దానికి గిటారు ఒళ్లే అదిరి కూత పెడుతుంది. మసీదు మైకు స్పీకర్‌కు ఎదురుగా పోతే వచ్చే కూత లాంటిదే.

దీనికి మందు గట్టి చెక్క. ఆ పని పెద్ద ఎత్తున చేసినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్. ఈయనకు గిటారు వాయించడం రాదు. చదివింది అకౌంటింగ్. మాంద్యం రోజుల్లో లెక్కల ఉద్యోగం పోతే 1938లో రేడియో షాపు పెట్టుకున్నాడు. కామర్స్ వాళ్లం ఈ ఒక్క విషయంలో కాలర్ ఎగరేసుకోవచ్చు. ఆయన గిటారు చూస్తే లెక్కల మనిషి చేతి పని అని తెలిసిపోతుంది. పలకలాంటి చెక్క ఒళ్లు, దానికి నాలుగు స్క్రూలతో బిగించిన మెడ. మెడ పాడైతే నాలుగు స్క్రూలు విప్పి కొత్తది వేసుకోవడమే. అంతకుముందు మెడను జిగురుతో అతికేవారు, అది ఊడదీయడం పెద్ద పని.

1950లో వచ్చిన ఈ గిటారుకు మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. ఆ పేరు తమ డ్రమ్ములదని గ్రెట్ష్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. స్టిక్కర్లు దండగ కాకుండా ఆ పేరున్న ముక్క కత్తిరించేసి, ఫెండర్ అనే మాటే ఉంచి కొన్నాళ్లు అమ్మారు. 1951లో టెలికాస్టర్ అయింది. ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు.

1954లో అదే కంపెనీ స్ట్రాటోకాస్టర్ తెచ్చింది. మన సినిమా పోస్టర్లలో, టీషర్టుల మీద కనిపించే గిటారు బొమ్మ ఎక్కువగా ఇదే. టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు మొత్తుకుంటే, ఒంటికి ఆనేచోట చెక్కను చెక్కేశారు. మూడు పికప్‌లు పెట్టి, వాటిని మార్చడానికి మూడు స్థానాల స్విచ్ ఇచ్చారు. వాయించేవాళ్లు ఆ స్విచ్‌ను మధ్యలో ఇరికించి రెండేసి పికప్‌లు ఒకేసారి పలికించుకునేవారు. 1977లో కంపెనీయే దిగివచ్చి ఐదు స్థానాల స్విచ్ పెట్టింది.

గిబ్సన్ ఊరుకోలేదు. గిటారిస్టు లెస్ పాల్ పేరు మీద 1952లో బరువైన మహాగని ఒళ్లు, పైన మేపుల్ పలక, జిగురుతో అతికిన మెడ ఉన్న మోడల్ దించింది. 1957 నుంచి దానికి హంబకర్ పికప్‌లు వచ్చాయి. వాటిని రూపొందించింది సెత్ లవర్ అనే ఇంజినీరు. ఒకే చుట్ట ఉన్న పికప్ రేడియోలాగా ఇంటి వైరింగ్ గుయ్యిమనే మోతను కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపితే ఆ మోత ఒకదానికొకటి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మిగులుతుంది. విచిత్రమేమంటే ఆ రోజుల్లో లెస్ పాల్ సరిగా అమ్ముడుపోలేదు. 1961లో దాని స్థానంలో రెండు కొమ్ముల పలచటి గిటారు వచ్చింది, దానినే తర్వాత ఎస్జీ అన్నారు. పాత లెస్ పాల్‌ను 1968లో మళ్లీ మొదలుపెట్టారు. ఎవరూ కొనని ఆ 1958-60 నాటి గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

మా వాడు పంపిన కొమ్ముల గిటారుకు తాత 1958లో గిబ్సన్ చేసిన ఫ్లయింగ్ వీ, ఎక్స్‌ప్లోరర్. అవి కూడా అప్పట్లో పోలేదు. ఆ ఆకారంతో మంచం మీద కూర్చుని సాధన చేయడం కష్టం, తొడ మీద నిలవదు. వాడికి చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

మనవైపు ఈ శబ్దం

హిందీ పాటల్లో 1971 నాటి 'దమ్ మారో దమ్' గిటారు భూపిందర్ సింగ్‌ది. గజళ్లు పాడిన ఆ భూపిందరే. ఖవ్వాలీ పార్టీల్లో వినే బెంజో కూడా దూరపు చుట్టమే. 1912లో జపాన్‌లోని నగోయాలో పుట్టిన 'తైషోగోతో' ఇటు వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. ఐబనెజ్ గిటార్లు అమ్మే హోషినో కంపెనీది కూడా నగోయానే.

తెలుగువాళ్లలో ఈ సాంకేతికతను ప్రపంచానికి చూపినవాడు పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయనది గిటారు కాదు, ఎలక్ట్రిక్ మాండొలిన్. కానీ కారణం అదే. మామూలు మాండొలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకం లాగడానికి నాదం మిగలదు. ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో నాదం నిలుస్తుంది. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకుని కర్ణాటక సంగీతం మొత్తం దాని మీద పలికించారు. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేశారు. తర్వాత ఉస్తాద్ జాకిర్ హుస్సేన్, జాన్ మెక్‌లాఫ్లిన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు, 2014లో చెన్నైలో చనిపోయారు.

ఏది కొనాలి?

అసలు ఫెండర్, గిబ్సన్ అమెరికా గిటార్లు లక్ష దాటుతాయి, లెస్ పాల్ అయితే రెండు లక్షల పైమాటే. నేర్చుకునేవాడికి అవి అక్కర్లేదు. ఆ కంపెనీలే తక్కువ ధరకు వేరే పేర్లతో అమ్ముతాయి. జపాన్ నకళ్ల పోటీ తట్టుకోవడానికి ఫెండర్ 1982లో స్క్వయర్ మొదలుపెట్టింది. గిబ్సన్ వాళ్ల చవక పేరు ఎపిఫోన్. దీని వెనుక ఒక కథ ఉంది. ఉస్మానియా సామ్రాజ్యంలోని స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్ నుంచి అమెరికా వెళ్లిన గ్రీకు కుటుంబం అది. పెద్ద కొడుకు ముద్దుపేరు 'ఎపీ' నుంచి ఆ పేరు వచ్చింది. 1957లో గిబ్సన్ చేతికి పోయింది. వీటితో పాటు 1990 నుంచి వస్తున్న యమహా పసిఫికా, ఐబనెజ్ జియో, కోర్ట్ మన దుకాణాల్లో దొరుకుతాయి. వీటిలో మొదటి మెట్టు మోడళ్లు ఇప్పుడు సుమారు 15 వేల నుంచి 25 వేల మధ్యలో ఉన్నాయి.

పేరు కన్నా ముందు చేయి చూడాలి. ఫెండర్ తరహా గిటార్లలో మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో సుమారు 24.75. చిన్న చేతులవాళ్లకు, ఆడపిల్లలకు రెండోది కొంచెం సులువు, తీగ కూడా మెత్తగా వంగుతుంది. అయితే లెస్ పాల్ నాలుగు కిలోలకు అటూఇటూ ఉంటుంది, భుజం లాగుతుంది. నా మాట అడిగితే మొదటిసారి కొనేవాళ్లకు స్ట్రాటోకాస్టర్ ఆకారంలో, వెనుక ఒక హంబకర్ ఉన్న గిటారు అన్నిటికీ పనికొస్తుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే లాకింగ్ బ్రిడ్జ్ ఉన్నది మాత్రం వద్దు. ఒక తీగ తెగితే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి, సరిచేసేవాడు మెదక్‌లో దొరకడు.

సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు, కానీ చూసి కొనాలి. డిగ్రీ రోజుల్లో నేను ట్యూషన్లు చెప్పిన డబ్బు తొమ్మిది వేలు పెట్టి, తల మీద ఫెండర్ అని ఉన్న గిటారు ఒకటి కొన్నాను. నెల తిరగకముందే ఆ స్టిక్కర్ గోటితో ఊడొచ్చింది. మెడ కూడా మెలి తిరిగి ఉంది. అమ్మితే రెండున్నర వేలు వచ్చాయి. ఆ తర్వాత నేర్చుకున్న పరీక్షలు చెబుతాను. గిటారును కంటి దగ్గర తుపాకీలా పట్టుకుని మెడ పొడవునా చూడండి, కొంచెం వంపు ఉంటే లోపలి ట్రస్ రాడ్‌తో సరిచేయొచ్చు, మెలి ఉంటే వదిలేయండి. ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటండి, ఎక్కడైనా గరగరమంటే అడగండి. 12వ మెట్టు దగ్గర స్వరం, వదిలి మీటిన తీగకు సరిగ్గా పై స్థాయి స్వరం కావాలి. ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ పెట్టుకుని అక్కడే చూడండి. నాబ్‌లు తిప్పితే చిటపటలు వస్తే అది చిన్న రిపేరే, బేరానికి పనికొస్తుంది.

పాతిక వేల లెక్క

అందరూ చేసే తప్పు మొత్తం డబ్బు గిటారు మీదే పెట్టడం. ఇంటికి తెచ్చాక ఆంప్ లేదని తెలుస్తుంది. ఖాలాకు నేను రాసిచ్చిన చిట్టా ఇది: గిటారుకు 16 వేలు, 10 నుంచి 20 వాట్ల చిన్న ఆంప్‌కు 6 వేలు, మంచి కేబుల్, పట్టీ, సంచి, అదనపు తీగల సెట్టు, పిక్‌లకు 2 వేలు. మిగిలిన వెయ్యి సెటప్‌కు. దుకాణంలోనే తీగల ఎత్తు సరిచేయించుకుంటే నేర్చుకునేవాడి వేళ్లు సగం బతుకుతాయి. సన్నటి తీగలు, అంటే 9-42 సెట్టు అడగండి. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఈఎంఐ అంటే "వడ్డీ లేదు" అన్న మాట నమ్మక, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. మన వాళ్లలో చాలామంది ఎలాగూ దాని జోలికి పోరు.

గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో బంధువులు తెస్తామంటే గిటారు తెప్పించుకోండి, ఆంప్ మాత్రం ఇక్కడే కొనండి. అమెరికా కరెంటు 120 వోల్టులు, సౌదీలో పాత ఇళ్లల్లో 127 ఉండేది, మనది 230. అక్కడి ఆంప్ ఇక్కడ నేరుగా పెడితే కాలిపోవచ్చు.

ఇక షాక్ సంగతి. గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే తీగ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది, ఆంప్‌లో లోపం ఉంటే ప్రాణం మీదకే వస్తుంది. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో పెట్టడం అస్సలు వద్దు. ఖాలా ఇంట్లో చూస్తే ఆ గదిలో ఎర్త్ వైరే లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ పని చేయించాం, చిట్టాలో సెటప్ కోసం ఉంచిన వెయ్యి అక్కడికే పోయింది. చవక ఇన్వర్టర్ మీద ఆంప్ మోత పెడుతుంది, కరెంటు పోయినప్పుడు ఆంప్ లేకుండా వాయించుకోవడమే మేలు.

పిల్లాడు చివరికి హైదరాబాద్‌లో మూడు గిటార్లు ఒళ్లో పెట్టుకుని చూసి, నీలం రంగు స్క్వయర్ తీసుకున్నాడు. కొమ్ములది అడగలేదు. వానాకాలం కాబట్టి వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవమని చెప్పాను. తుడవడం లేదని ఖాలా నిన్న ఫోన్‌లో చెప్పింది.