ఆటోమేటిక్ పికప్‌లలో గేర్‌బాక్స్ ఆయిల్: మట్టం కంటే ముందు చూడవలసింది ఉష్ణోగ్రత

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పికప్ వాహనంలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ తగినంత ఉన్నదో లేదో చెప్పాలంటే, ముందుగా అది ఎంత వేడిగా ఉన్నదో తెలియాలి. వేడికి వ్యాకోచించి, చలికి సంకోచించే ఈ ద్రవం ఒకే పరిమాణంలో ఉన్నప్పటికీ ఉదయం ఒక మట్టాన్ని, మధ్యాహ్నం మరొక మట్టాన్ని చూపుతుంది. వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే ఎండలు, జనవరిలో 5 డిగ్రీల దిగువకు జారే చలి రెండూ ఉన్న ఢిల్లీ జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ తేడాను విస్మరించడం ఖరీదైన గేర్‌బాక్స్‌కే ముప్పు తెస్తుంది.

ఏ వాహనాలకు వర్తిస్తుంది?

దేశంలో సరుకు రవాణాకు వాడే చిన్న పికప్‌లలో అత్యధికం మాన్యువల్ గేర్లతో నడిచేవే. వాటిలో ఉండేది చిక్కని గేర్ ఆయిల్. దాని తనిఖీ పద్ధతి వేరు. కొన్ని కార్లలో ఉండే ఏఎంటీ విధానం క్లచ్ పెడల్ లేకపోయినా, నిర్మాణంలో మాన్యువల్ గేర్‌బాక్సే. టార్క్ కన్వర్టర్‌తో పనిచేసే పూర్తిస్థాయి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మాత్రమే ఇక్కడ చెప్పుకునే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం, అంటే ఏటీఎఫ్, ఉంటుంది.

భారత విపణిలో ఈ తరహా పికప్‌లు తక్కువే. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్‌లోనూ, 2022లో దేశంలో అడుగుపెట్టిన టొయోటా హైలక్స్‌లోనూ ఆరు గేర్ల ఆటోమేటిక్ రకాలు ఉన్నాయి. వి-క్రాస్ తయారయ్యేది తెలుగు నేలపైనే. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది.

ఒకే ద్రవం, పలు బాధ్యతలు

ఇంజిన్ ఆయిల్ ప్రధానంగా కందెనగా పనిచేస్తుంది. ఏటీఎఫ్ బాధ్యతలు అంతకంటే ఎక్కువ. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు చేరవేసే మాధ్యమం అదే. పంపు కల్పించే పీడనంతో వాల్వ్‌ల గుండా ప్రవహించి, క్లచ్ ప్లేట్లను నొక్కి గేర్లు మార్చేదీ అదే. గేర్లకు, బేరింగులకు కందెనగా ఉంటూ, పుట్టిన వేడిని కూలర్‌కు మోసుకుపోయే పని కూడా దానిదే. వీటన్నిటితో పాటు, క్లచ్ ప్లేట్లు జారిపోకుండా, అలాగని కుదుపుతో పట్టుకోకుండా తగినంత రాపిడినివ్వాలి.

ఈ చివరి గుణం కోసం ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనెను ఏటీఎఫ్‌లో కలిపేవారు. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికా ఆ నూనెను నిషేధించడంతో తయారీదారులు ప్రత్యామ్నాయ రసాయనాలను వెతుక్కోవలసి వచ్చింది. ఏటీఎఫ్ ప్రమాణాల చరిత్ర 1949లో జనరల్ మోటార్స్ ప్రకటించిన ‘టైప్ ఎ’తో మొదలై, 2005 నాటి డెక్స్రాన్-6 వరకు, ఆపైన కంపెనీల సొంత ప్రమాణాల వరకు విస్తరించింది. ఒక గేర్‌బాక్స్‌కు నప్పే ద్రవం మరొకదానికి నప్పకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

వేడికి ఎంత పెరుగుతుంది?

ఈ తరహా నూనెల ఘనపరిమాణం ప్రతి డిగ్రీ ఉష్ణోగ్రతకు సుమారు 0.07 శాతం పెరుగుతుంది. చూడడానికి ఇది స్వల్పమే. అయితే 9 లీటర్ల ద్రవం పట్టే గేర్‌బాక్స్ 20 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే ఆ పెరుగుదల 380 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. చాలా డిప్‌స్టిక్‌లపై కనిష్ఠ, గరిష్ఠ గుర్తుల మధ్య దూరం దాదాపు అర లీటరుకు సమానం. అంటే ఒక్క చుక్క పోయకపోయినా, తీయకపోయినా, ఉష్ణోగ్రత ఒక్కటే మట్టాన్ని ఒక గుర్తు నుంచి మరో గుర్తు దాకా నడిపించగలదు.

మట్టం తగ్గినా, పెరిగినా నష్టమే. తగ్గితే పంపు ద్రవంతో పాటు గాలినీ పీల్చుకుంటుంది. పీడనం పడిపోయి క్లచ్ ప్లేట్లు జారి, కాలిపోతాయి. మోతాదు మించితే తిరిగే భాగాలు ద్రవాన్ని చిలికి నురుగు చేస్తాయి. నురుగులోని గాలి నొక్కుకుపోతుంది కనుక పీడనం నిలవదు. ఫలితం మళ్లీ జారుడు, వేడి, అరుగుదలే.

డిప్‌స్టిక్ ఉన్న వాహనాలలో

పాత వాహనాలలోనూ, విదేశీ పెద్ద పికప్‌లు కొన్నింటిలోనూ ఇంజిన్ గదిలో గేర్‌బాక్స్‌కు ప్రత్యేకంగా డిప్‌స్టిక్ ఉంటుంది. ఎక్కువ మోడళ్లకు వర్తించే క్రమం ఇది. వాహనాన్ని సుమారు 20 నిమిషాలు నడిపి ద్రవాన్ని పని ఉష్ణోగ్రతకు తేవాలి. చదునైన నేలపై నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి. బ్రేక్ పెడల్ నొక్కి ఉంచి, గేర్ లివర్‌ను ప్రతి స్థానంలోనూ రెండు మూడు క్షణాలు ఆపుతూ తిప్పి ‘పి’ వద్దకు తీసుకురావాలి. ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి, పీచు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీయాలి. రెండు వైపులా మట్టం వేర్వేరుగా కనిపిస్తే తక్కువగా ఉన్నదానినే లెక్కలోకి తీసుకోవాలి.

‘హాట్’, ‘కోల్డ్’ అనే రెండు జతల గుర్తులున్నప్పుడు వేడి ద్రవానికి వేడి గుర్తునే చూడాలి. జాతీయ రహదారి 48పై ఢిల్లీ-గురుగ్రామ్ మధ్య మే నెల మధ్యాహ్నపు రద్దీలో గంటసేపు ఆగుతూ సాగిన వాహనంలో ద్రవం మామూలు పని ఉష్ణోగ్రతను మించి వేడెక్కుతుంది. అటువంటి ప్రయాణం తర్వాత, బరువైన ట్రెయిలర్‌ను లాగిన తర్వాత కనీసం అరగంట ఆగి చూడడం మంచిది. కొన్ని కంపెనీలు ఇంజిన్ ఆపిన తర్వాతనో, న్యూట్రల్‌లోనో మట్టం చూడమంటాయి. అందువల్ల వాహనంతో వచ్చిన పుస్తకమే తుది ప్రమాణం.

డిప్‌స్టిక్ లేని వాహనాలలో

ఇప్పటి పికప్‌లలో యజమాని చూసుకునే డిప్‌స్టిక్ సాధారణంగా ఉండదు. గేర్‌బాక్స్‌కు ద్రవం పోసే ఫిల్లర్ ప్లగ్ ఒకటి, మట్టాన్ని నిర్ధారించే ఓవర్‌ఫ్లో ప్లగ్ మరొకటి ఉంటాయి. వాహనాన్ని లిఫ్ట్‌పై ఏ పక్కకూ వాలకుండా నిలిపి, ఇంజిన్ నడుపుతూ, స్కానర్ సాయంతో ద్రవం ఉష్ణోగ్రతను గమనిస్తారు. అది కంపెనీ చెప్పిన పరిధిలోకి రాగానే ఓవర్‌ఫ్లో ప్లగ్ తీస్తారు. ఎక్కువగా ఉన్న ద్రవం సన్నని ధారగా కారి చుక్కలుగా మారితే మట్టం సరిపోయినట్లు. ఏమీ కారకపోతే, కారే వరకు ఫిల్లర్ ప్లగ్ నుంచి పోయాలి. చివరగా కొత్త వాషర్ వేసి, నిర్దేశించిన బిగింపుతో ప్లగ్‌ను మూస్తారు.

ఢిల్లీ వాతావరణం పరీక్ష పెట్టేది ఇక్కడే. ఉష్ణోగ్రత పరిధి మోడల్‌ను బట్టి మారుతుంది. పలు గేర్‌బాక్స్‌లకు అది 35 నుంచి 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీలు నమోదయ్యాయి. అటువంటి మధ్యాహ్నం ఎండలో నిలిపిన వాహనంలో, ఇంజిన్ వేయకముందే ద్రవం ఆ పరిధిని దాటి ఉండవచ్చు. అప్పుడు ప్లగ్ తీస్తే వ్యాకోచించిన ద్రవం అవసరానికి మించి కారిపోతుంది, చల్లారాక మట్టం తక్కువవుతుంది. జనవరి ఉదయాన పరిస్థితి తారుమారు. చల్లని ద్రవం కుంచించుకుపోయి ఉన్నందున ఏమీ కారదు. తక్కువైందని భావించి మరికొంత పోస్తే, వేడెక్కిన తర్వాత అది మోతాదును మించుతుంది. కనుక వేసవిలో ఈ పనికి తెల్లవారుజాము, చలికాలంలో ద్రవం తగినంత వేడెక్కేవరకు ఓపిక అవసరం. స్కానర్ పెట్టకుండా, చేతి స్పర్శతో అంచనా వేసి ప్లగ్ తీసే వర్క్‌షాపులో ఈ పని చేయించకపోవడమే మేలు.

ఫిల్లర్ ప్లగ్ ఊడివస్తుందని నిర్ధారించుకున్న తర్వాతనే కింది ప్లగ్‌ను తాకాలి. కింద నుంచి ద్రవం కారిపోయాక పై ప్లగ్ తుప్పుపట్టి బిగుసుకుపోయిందని తేలితే వాహనం అక్కడే నిలిచిపోతుంది.

ఏ ద్రవం, ఎంత?

కశ్మీరీ గేట్ విడిభాగాల విపణిలో అనేక రకాల ఏటీఎఫ్‌లు దొరుకుతాయి. డబ్బాపై బ్రాండ్ కంటే అది ఏ ప్రమాణానికి సరిపోతుందన్నదే ప్రధానం. ఉదాహరణకు హైలక్స్ ఆటోమేటిక్‌కు టొయోటా ‘డబ్ల్యుఎస్’ ప్రమాణపు ద్రవం కావాలి. ఎరుపు రంగు సరిపోలికకు రుజువు కాదు. ఇంజిన్ ఆయిల్ నుంచి వేరుగా గుర్తించడానికి కలిపిన అద్దకం మాత్రమే అది. డిప్‌స్టిక్ గొట్టంలో పోసేటప్పుడు సన్నని, శుభ్రమైన గరాటుతో ఒక్కోసారి 100 నుంచి 200 మిల్లీలీటర్లకు మించకుండా పోసి, మళ్లీ కొలవాలి. పోయడం సులువు, ఎక్కువైనదానిని తీయడం కష్టం.

రంగు, వాసన చెప్పే సంగతులు

ముదురు రంగు ఒక్కటే చెడిపోయినదానికి గుర్తు కాదు. నలుపుతో పాటు మాడిన వాసన, లోహపు రజను కనిపిస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. పాలు కలిసినట్లు గులాబీ రంగులోకి మారితే నీరు చేరినట్లే. అది రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి వచ్చినది కావచ్చు. వానాకాలంలో మింటో బ్రిడ్జి వంటి అండర్‌పాస్‌ల వరదనీటిలో చిక్కుకున్న వాహనంలో, బ్రీదర్ అనే గాలి గొట్టం ద్వారా ప్రవేశించినదీ కావచ్చు. ఈ రెండు సందర్భాలలోనూ కొత్త ద్రవం కలిపి సరిపెట్టుకోరాదు. వాహనాన్ని నడపకుండా వర్క్‌షాపుకు తరలించాలి.

టాప్-అప్ మరమ్మతు కాదు

ఇంజిన్‌లో కొంత ఆయిల్ కాలిపోవడం సహజమే. గేర్‌బాక్స్‌లో ఏటీఎఫ్ కాలి ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. పాన్ గ్యాస్కెట్, షాఫ్ట్ సీళ్లు, కూలర్ గొట్టాల అతుకులు మొదట చూడవలసిన చోట్లు. కారణం కనుగొనకుండా పోస్తూ పోవడం చిల్లు కుండలో నీళ్లు నింపడమే.

కొన్ని కంపెనీలు సాధారణ వాడకంలో ఏటీఎఫ్ మార్చనక్కరలేదంటాయి. అయితే తీవ్రమైన ఎండ, దుమ్ము, ఆగుతూ సాగే రద్దీ, భారం లాగడం వంటి పరిస్థితులను వాహన పుస్తకాలు కఠిన వాడకంగా పరిగణిస్తాయి. రాజధాని ప్రాంతపు రోడ్లపై వీటిలో చాలావరకు నిత్యం ఎదురయ్యేవే. అందువల్ల కఠిన వాడకానికి పుస్తకంలో చెప్పిన గడువునే ఇక్కడ పాటించడం సమంజసం.

భద్రత, పారబోత

మట్టం చూసేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉంటుంది. నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్ పార్కింగ్‌లలో ఈ పని చేస్తే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది. ఆరుబయటే చేయాలి. జాకీ ఒక్కదానిపై నిలిపిన వాహనం కిందికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లరాదు. వేడి ద్రవం, సైలెన్సర్ గొట్టం చర్మాన్ని కాల్చగలవు.

వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. దానిని కాలువలో పోస్తే నజఫ్‌గఢ్ వంటి నాలాల మీదుగా చివరకు యమునలో చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో పట్టి, అధీకృత రీసైక్లర్లకు అప్పగించే వర్క్‌షాపుకు ఇవ్వాలి.

ప్రతి తనిఖీలోనూ తేదీ, కిలోమీటర్లు, ద్రవం ఉష్ణోగ్రత, పోసిన పరిమాణం అనే నాలుగు అంశాలను సర్వీసు పుస్తకంలో రాయించుకోవాలి. వరుసగా రెండు తనిఖీలలో ద్రవం పోయవలసి వచ్చిందని ఆ పుటలో కనిపిస్తే, మూడోసారి పోయకముందే అది ఎక్కడ కారుతున్నదో వెతికించాలి.